అందరికీ ఒకటే గ్లౌజు

సాహిబాబాద్ పారిశ్రామికవాడలో పాల ట్యాంకులు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. డెయిరీల్లో పాలు చల్లబరిచి నిలవచేసే పెద్దపెద్ద స్టీలు ట్యాంకులు. అక్కడ వెల్డింగ్ షాపు ఫోర్‌మన్ గోవిందరాజులు. సొంతూరు సామర్లకోట. కాకినాడ ఐటీఐలో పని నేర్చుకుని, విశాఖపట్నంలో కొన్నాళ్లు, భిలాయ్‌లో కొన్నాళ్లు చేసి చివరికి ఢిల్లీ పక్కన తేలాడు. అక్కడివాళ్లకి అంత పేరు నోరు తిరగక ‘రాజు జీ’ అనేవారు.

మనిషి పొట్టి, మాట తక్కువ. ఒక్క గ్లౌజుల విషయంలో మాత్రం మహా చాదస్తం. వెల్డర్లకి కావలసిన గ్లౌజులు కొనడానికి బస్సెక్కి ఢిల్లీలో సదర్ బజార్‌కి తనే వెళ్లేవాడు. అక్కడి దుకాణదారుకి అతనొచ్చాడంటే ఆ పూట బేరం చెడినట్టే. ప్రతి జతనీ లోపలి వైపు తిరగేసి చూసేవాడు. కుట్టు దగ్గర దారం ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించేవాడు. నూలు దారమైతే కాలి బూడిదవుతుంది. నైలాన్ కలిస్తే కరిగి నల్లటి ముద్దవుతుంది. ఆ ముద్ద కాలుతూ చేతికంటుకుంటే చర్మంతో సహా ఊడొస్తుందని భిలాయ్‌లో కళ్లారా చూసినవాడు.

“రాజు జీ, మీరు గ్లౌజులు కొంటున్నారా, పెళ్లికూతురికి చీరలు కొంటున్నారా?” అనేవాడు దుకాణదారు.

గోవిందరాజులు నవ్వేవాడు కాదు. రాడ్డు పెట్టి చేసే ఆర్క్ పనికి నిప్పురవ్వలు వానలా కురుస్తాయి కాబట్టి మోచేతి దాకా వచ్చే మందపాటి గేదె తోలువి ఏరేవాడు. తలకి పైన ఎత్తులో జాయింటు వేసేవాళ్లకి ఇంకా పొడుగు చేతులున్నవి. అందరూ ఆర్గాన్ పని అని పిలిచే సన్న వెల్డింగ్‌కి మాత్రం ఈ మందపాటి తోలు పనికిరాదు. అందులో కుడిచేత్తో వేడి పుట్టించే టార్చి పట్టుకుని, ఎడమచేతి వేళ్ల మధ్య సన్నటి స్టీలు తీగని కొంచెం కొంచెంగా ముందుకి జరుపుతూ కరిగించాలి. తీగ కదలిక వేళ్లకి తెలియాలి. అందుకని దానికి పల్చటి మేక తోలు గ్లౌజు. దుకాణంలోనే అది తొడుక్కుని, బల్ల మీద సన్న తీగ పడేసి, తొడుక్కున్న చేత్తోనే తీసి చూసేవాడు. వేలికి అందకపోతే ఆ జత పక్కన పడేసేవాడు.

అతని చెల్లెలు అనసూయ మొగుడు రాజగోపాల్ కూడా వెల్డరే. కాకినాడలో ఒక చిన్న వర్క్‌షాపులో గేట్లకీ కిటికీ చువ్వలకీ అతుకులు వేసుకుంటూ ఉండేవాడు. అతన్ని సాహిబాబాద్ రప్పించి, పక్కన నిలబడి ఆర్గాన్ పని నేర్పింది గోవిందరాజులే. రాజగోపాల్ చెయ్యి తిరగడానికి ఎంతో కాలం పట్టలేదు. అతను వేసిన జాయింటు చేప పొలుసులు వరసగా పేర్చినట్టు ఉండేది. ట్యాంకు లోపలి జాయింట్లు అతను తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని షాపులో ఒక మాటైపోయింది.

రెండు కుటుంబాలూ వైశాలిలో ఒకే ఇంట్లో పైనా కిందా అద్దెకుండేవి. అప్పటికి వైశాలి అంటే సగం కట్టి వదిలేసిన ఇళ్లు, మధ్యలో ఆవ చేలు, నీళ్ల ట్యాంకరు కోసం వరసలు. అనసూయ నీళ్లు పట్టి పైకి మోసేది. గోవిందరాజులు భార్య ఛాయాదేవి ఇద్దరి పిల్లలకీ కలిపి వంట చేసేది. పిల్లలు తమలో తాము హిందీలో మాట్లాడుకుని, పెద్దవాళ్లు తెలుగులో తిడితే హిందీలోనే జవాబిచ్చేవారు. ఆదివారం అందరూ ఒకచోటే తినేవారు. “మా అన్నయ్య లేకపోతే మేం ఇంకా కాకినాడలో గేట్లు అతుక్కుంటూ ఉండేవాళ్లం” అని అనసూయ పక్కింటివాళ్లకి వచ్చీరాని హిందీలో చెప్పుకునేది.

తొంభై అయిదు, తొంభై ఆరు ప్రాంతాల్లో ఫ్యాక్టరీకి కొత్త పర్చేజు మేనేజరు వచ్చాడు. పేరు తనేజా. చెడ్డవాడని అనడానికి లేదు. నవ్వుతూ మాట్లాడేవాడు, అందరినీ ఇంట్లోవాళ్ల బాగోగులు అడిగేవాడు. వచ్చిన కొత్తలోనే, ఫోర్‌మన్లు బజార్లకి వెళ్లి కొనే పద్ధతి మాన్పించాడు. ఇకనుంచి ప్రతి వస్తువూ ఒకే చోట, ఒకే రకం, లారీలకొద్దీ కొనాలన్నాడు. అలా వచ్చిన వాటిలో గ్లౌజులు కూడా ఉన్నాయి. షాపంతటికీ ఒకటే రకం. మందంగా, గట్టిగా, తొడుక్కుంటే వేళ్లు విడివిడిగా వంగనంత బిరుసుగా ఉన్నాయి.

గోవిందరాజులు ఒక జత తీసుకుని తనేజా గదికి వెళ్లాడు.

“సాబ్, ఇవి ఆర్క్ పనికైతే ఏదోలా సరిపెట్టుకోవచ్చు. ఆర్గాన్‌వాళ్లకి పనికిరావు. తీగ తెలియదు.”

“రాజు జీ, వెల్డర్లందరికీ చేతులు ఒకేలా ఉంటాయి కదా?”

“చేతులు ఒకటే. పని వేరు, సాబ్.”

తనేజా గ్లౌజు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఎంత దళసరిగా ఉందో చూడండి. పాతవాటికంటే ఇందులోనే రక్షణ ఎక్కువ. ఇన్‌స్పెక్టరు వస్తే చూపించుకోవడానికి కూడా బాగుంటుంది. కొన్నాళ్లు తొడిగితే మెత్తబడతాయి. ఠీక్ హై?”

మెత్తబడలేదు. ఆర్గాన్ వెల్డర్లు వాటిని తొడుక్కుని మొదలుపెట్టి, కాసేపటికి విసుగొచ్చి తీసి పక్కన పెట్టేవారు. ఉత్త చేతులతో పని చేస్తే ఆ వెలుతురుకి చేతుల పైచర్మం ఎండదెబ్బ తగిలినట్టు ఎర్రబడి, పొరలు పొరలుగా లేచేది. రాజగోపాల్ ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకునేవాడు. గోవిందరాజులు మళ్లీ తనేజా దగ్గరికి వెళ్లాడు. ఆ తర్వాతా వెళ్లాడు. తనేజా ప్రతిసారీ టీ తెప్పించి, తప్పకుండా చూస్తానని పంపేవాడు. చివరికి గోవిందరాజులు వెళ్లడం మానేశాడు. ఆర్గాన్‌వాళ్లు ఉత్త చేతులతో కనబడితే అటు చూడకుండా పక్కనుంచి పోవడం అలవాటు చేసుకున్నాడు.

వానలు మొదలైన రోజుల్లో ఒక ట్యాంకు పంపించే తేదీ దాటిపోయింది. లోపలి జాయింటులో సన్నసన్న రంధ్రాలున్నాయని పరీక్షలో తేలి, వెనక్కి పంపారు. గేటు బయట లారీ నిలబడి ఉంది. పైనుంచి గంటగంటకీ కబుర్లు. రాజగోపాల్ ట్యాంకులోకి దిగి జాయింటు మళ్లీ వేస్తున్నాడు. గోవిందరాజులు పై కంతలోంచి తల పెట్టి చూశాడు.

“ఏమైంది బావా?”

“ఈ గ్లౌజుతో తీగ నా వేళ్లకి తెలీటం లేదండి బావగారూ. ఒకచోట ఎక్కువ పడిపోతోంది, ఇంకోచోట అసలు పడట్లేదు.”

“తీసెయ్. ఉత్త చేత్తోనే లాగించెయ్. లారీవాడు అరుస్తున్నాడు.”

రాజగోపాల్ తీసేశాడు. జాయింటు చక్కగా కుదిరింది. అది పూర్తిచేసి లేవబోతుంటే, ట్యాంకు అడుగు గుండ్రంగా, నున్నగా ఉండటంతో కాలు జారింది. పడకుండా ఆపుకోవడానికి ఎడమచెయ్యి ఆనించాడు. ఆనించింది అప్పుడే వేసిన జాయింటు మీద.

ఆ కేక షాపంతా వినబడింది. గోవిందరాజులే లోపలికి దూకి అతన్ని పైకి అందించాడు.

ఢిల్లీలో పెద్దాసుపత్రిలో అతన్ని చాలా రోజులుంచారు. తొడ నుంచి చర్మం తీసి అరచేతికి వేశారు. గాయం మానింది కానీ లోపలి నరాలూ కండా బిగుసుకుపోయి, వేళ్లు అరచేతి వైపు ముడుచుకుపోయాయి. డాక్టరు చెప్పిన కసరత్తులన్నీ చేశాడు. అనసూయ రోజూ గోరువెచ్చటి మైనంలో ఆ చెయ్యి ముంచి, ఒక్కొక్క వేలూ పట్టుకుని సాగదీసేది. అతను పళ్లు బిగబట్టి కూర్చునేవాడు. వేళ్లు తెరుచుకోలేదు. టార్చి పట్టే కుడిచెయ్యి బాగానే ఉంది. కానీ తీగ నడిపే చెయ్యి లేకపోతే ఆర్గాన్ వెల్డరు లేనట్టే.

ఆసుపత్రి వరండాలో అనసూయ అన్నయ్య చెయ్యి పట్టుకుని ఏడ్చింది. “నువ్వు దూకి పైకి తీశావు కాబట్టి ఈ మాత్రమైనా దక్కాడు, అన్నయ్యా” అంది.  ట్యాంకు కంత దగ్గర గోవిందరాజులు అన్న మాట ఇంకెవరూ వినలేదు. విన్న ఒక్కడూ ఎవరితోనూ అనలేదు, పెళ్లాంతో కూడా.

మొదట్లో ఫ్యాక్టరీవాళ్లు ఆసుపత్రి ఖర్చు భరించారు. ఆ తర్వాత నష్టపరిహారం మాట వచ్చేసరికి అడ్డం తిరిగారు. రక్షణ కోసం ఇచ్చిన వస్తువుని పనివాడు కావాలని తీసిపారేస్తే యజమాని బాధ్యత లేదని వాళ్ల వకీలు పట్టుబట్టాడు. వ్యవహారం గాజియాబాద్‌లో కార్మికుల పరిహారాలు తేల్చే అధికారి ముందు విచారణకి వచ్చింది. కంపెనీ తరఫు సాక్షి ఫోర్‌మన్ గోవిందరాజులు.

విచారణకి ముందురోజు తనేజా అతన్ని పిలిచి ఎప్పటిలాగే టీ తెప్పించాడు.

“మిమ్మల్ని అబద్ధం ఆడమని ఎవరూ అడగడంలేదు, రాజు జీ. రెండే ప్రశ్నలు. గ్లౌజులు ఇచ్చారా? ఇచ్చారు. ప్రమాదం జరిగినప్పుడు వేసుకున్నాడా? లేదు. రెండూ నిజాలే కదా? చెప్పేసి కూర్చోండి. మీ బావమరిదికి కంపెనీ ఏదో ఒక చిన్న పని చూస్తుంది. గేటు దగ్గరో, స్టోర్స్‌లోనో.”

ఆ సాయంత్రం గోవిందరాజులు భార్యకి అంతా చెప్పాడు. తను అన్న మాట మొదటిసారి బయటపెట్టాడు. ఛాయాదేవి బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టింది.

“మీరు తీయమన్నారని చెబితే ఏమవుతుంది?”

“ఫోర్‌మన్ చెప్పినట్టు చేశాడు కాబట్టి అతని తప్పు కాదంటారు. డబ్బు వస్తుంది. నా ఉద్యోగం పోతుంది.”

“ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం లెండి. ముందు అనసూయకి మీ నోటితో మీరే చెప్పండి. అంతమంది మధ్యలో విననివ్వకండి ఆ పిల్లని.”

అతను పైకి వెళ్లాడు. అనసూయ మొగుడికి అన్నం కలిపి పెడుతోంది. కుడిచేత్తో తినగలడు, అయినా ఆమెకి అదొక అలవాటైపోయింది. అన్నయ్యని చూసి లేచి, చేతులు కడుక్కుని, కాఫీ కలిపి తెచ్చింది. “రేపు నువ్వున్నావు కదా అన్నయ్యా, నాకు భయం లేదు” అంది. కాఫీ తాగి కిందికి వచ్చేశాడు.

“చెప్పారా?” అంది ఛాయాదేవి.

“రేపు పొద్దున్న చెబుతాను.”

పొద్దున్న నీళ్ల ట్యాంకరు వచ్చింది, పిల్లల స్కూలు, బస్సు హడావిడి. చెప్పలేదు.

విచారణ గదిలో ముందు రాజగోపాల్‌ని అడిగారు. “తీగ వేళ్లకి తెలియక నేనే తీసేశానండి” అన్నాడు హిందీలో, నేలవైపు చూస్తూ. కంపెనీ వకీలు మొహం వికసించింది. తర్వాత గోవిందరాజులు. వకీలు తను వెంట తెచ్చిన గ్లౌజుల జత బల్ల మీద పెట్టి, ఇవి ఇచ్చారా అన్నాడు. ఇచ్చారన్నాడు. వేసుకున్నాడా అన్నాడు. లేదన్నాడు. వకీలు కూర్చున్నాడు. అధికారి కాగితాల్లోంచి తలెత్తకుండానే, ఇంకేమైనా చెప్పేది ఉందా అని అడిగాడు.

“ఉంది సాబ్. తీసెయ్యమని చెప్పింది నేనే.”

రాజగోపాల్ సగం లేచి, “కాదండి” అన్నాడు. వకీలు ఒక్క ఉదుటున నిలబడి, ఈ సాక్షి గాయపడినవాడి భార్యకి అన్న అనీ, డబ్బు కోసం కథ అల్లుతున్నాడనీ అరిచాడు. అధికారి ఇద్దరినీ కూర్చోమని, పెన్ను కింద పెట్టి గోవిందరాజుల్ని చూశాడు.

“ఇది చెబితే నీ ఉద్యోగానికి ముప్పని తెలుసా?”

“తెలుసు సాబ్. ఎందుకు తీయమన్నానో కూడా చెబుతాను. ఈ గ్లౌజు ఆర్క్ పనిది సాబ్. ఆర్గాన్ పనికి మేక తోలుది కావాలి. వేలికి తీగ తెలియాలి. నేను పర్చేజువాళ్లకి ఎన్నిసార్లో…”

“గ్లౌజుల గురించి నాకు అక్కర్లేదు. నువ్వు ఆజ్ఞ ఇచ్చావా, లేదా?”

“ఇచ్చాను.”

“అంతే చాలు.”

తనేజా దగ్గర అన్నిసార్లు అని అని అరిగిపోయిన ఆ మాట, ఎవరైనా రాసుకుంటారనుకున్న ఒక్క చోట కూడా ఎవరూ రాసుకోలేదు. గోవిందరాజులు వెనక్కి తిరిగితే, బెంచీ చివర అనసూయ కనిపించింది. ఢిల్లీ వచ్చినప్పటికంటే ఆమెకి హిందీ బాగానే వచ్చు. అంతా అర్థమైంది.

బయట వరండాలో ఆమె అతన్ని ఆపింది. గొంతు పెంచలేదు.

“తియ్యమని నువ్వే అన్నావా?”

“అవునమ్మా.”

“పనిలో సవాలక్ష అంటారు. అన్నావు, అయిపోయింది. ఆసుపత్రిలో నీ చెయ్యి పట్టుకుని ఏడ్చానే, అప్పుడెందుకు చెప్పలేదు? నిన్న నా ఇంట్లో కూర్చుని కాఫీ తాగావు కదా అన్నయ్యా. అప్పుడెందుకు చెప్పలేదు?”

 “అనసూయా, ఊరుకో” అన్నాడు రాజగోపాల్. ఆమె మొగుడి వైపు తిరిగింది. “నువ్వూ దాచావు. ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు.” అని, బస్‌స్టాండు వైపు ఒక్కతే నడిచి వెళ్లిపోయింది.

తీర్పు వచ్చింది. పై అధికారి మాట విన్న పనివాడు కావాలని తీసేసినట్టు కాదని, పరిహారం ఇవ్వాల్సిందేనని. అందులో గ్లౌజు రకం గురించి ఒక్క ముక్క లేదు. ఫ్యాక్టరీ గోవిందరాజుల్ని తీసేసింది, రక్షణ నియమాలు ఉల్లంఘించమని పనివాళ్లకి చెప్పినందుకు. అతను వెళ్లిన తర్వాత షాపు గోడ మీద ఎర్రక్షరాలతో ఒక బోర్డు పెట్టారు. గ్లౌజులు తీసినవాళ్లకి జరిమానా అని. ఆ బోర్డు కింద, పనివాళ్లు తొడుక్కోలేకపోయిన ఆ గ్లౌజులే కొనసాగాయి. ఒకసారి విదేశాల నుంచి కొనుగోలుదారులు చూడటానికి వస్తున్నారని ఆర్గాన్‌వాళ్లందరికీ తెల్లటి మెత్తటి గ్లౌజులు పంచారట. వాళ్ల కార్లు గేటు దాటగానే లెక్క చూసి వెనక్కి తీసుకున్నారట. పాత వెల్డరొకడు వైశాలి బజార్లో కనబడి ఈ సంగతి చెబుతూ పడీపడీ నవ్వాడు. గోవిందరాజులు చేతిలో కూరల సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పైవాటాలో ఉన్నన్నాళ్లూ అనసూయ వదినతో మాట్లాడేది, పిల్లల్ని పంపేది. అన్నయ్య ఎదురైతే మెట్ల మీద గోడకి జరిగి దారిచ్చేది, పరాయివాళ్లకి ఇచ్చినట్టు. ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. డబ్బు చేతికందాక వాళ్లు కాకినాడ వెళ్లిపోవడానికి సిద్ధమయ్యారు. గేస్ సిలిండర్లకీ వెల్డింగ్ రాడ్లకీ చిన్న దుకాణం పెట్టుకుంటామని రాజగోపాల్ చెప్పాడు.

గోవిందరాజులు ఢిల్లీ స్టేషన్‌కి వెళ్లాడు, సామాను ఎక్కించడానికి. అనసూయ అవతలి కిటికీ దగ్గర కూర్చుని, పక్క ప్లాట్‌ఫారం వైపు చూస్తూ ఉంది. రాజగోపాల్ కిందికి దిగి వచ్చాడు.

“మీరు చెప్పకపోయినా ఆ పూట తీసేసేవాణ్ణేనండి బావగారూ. అందరం తీస్తూనే ఉన్నాం కదా. దాని కోపం తగ్గుతుంది లెండి.”

“తగ్గకపోయినా నేనేమీ అనుకోను.”

“ఉత్తరం రాస్తాను.”

బండి కదిలేదాకా గోవిందరాజులు కిటికీ కింద నిలబడ్డాడు. పిల్లలు చెయ్యి ఊపారు, అనసూయ ఇటు తిరగలేదు. రాజగోపాల్ ఓదార్పుకి అన్నాడో, నిజమే చెప్పాడో అతనికి తేలలేదు. ఏదైనా ఒకటే అనిపించింది. ఆ మాట వచ్చింది మాత్రం తన నోటివెంటే.

ఉత్తరాలు రాజగోపాలే రాసేవాడు. అనసూయ క్షేమం అనేది అందులో ఒక వాక్యం ఉండేది.

ఫ్యాక్టరీల్లో ఎవరూ అతన్ని తీసుకోలేదు. కంపెనీకి ఎదురు సాక్ష్యం చెప్పిన ఫోర్‌మన్ అన్న కబురు సాహిబాబాద్ అంతా అతనికంటే ముందే తిరిగింది. చివరికి గుర్‌గావ్‌లో అప్పుడప్పుడే లేస్తున్న ఆఫీసు భవనాల దగ్గర, ఒక కాంట్రాక్టరు కింద వెల్డర్లని చూసుకునే పని దొరికింది. ఉద్యోగం కాదు, రోజుకూలి లెక్క. వైశాలి నుంచి బస్సులు మారి వెళ్లడానికే సగం ప్రాణం పోయేది.

ఒక ఉదయం కాంట్రాక్టరు గ్లౌజుల మూట పంపాడు. నూలు గ్లౌజులు, బరువులు మోసేవాళ్లు తొడుక్కునేవి. ఆ రోజు పని ఎత్తులో దూలాలకి తల మీదుగా వేసే ఆర్క్ జాయింట్లు. రవ్వలన్నీ చేతుల్లోకే కురుస్తాయి. గోవిందరాజులు మూట కట్టేసి, తోలువి వచ్చేదాకా ఎవరూ పైకెక్కకూడదన్నాడు. కాంట్రాక్టరు మనిషి వాదించి, తిట్టి, చివరికి తెప్పిస్తానని వెళ్లాడు.

వెల్డర్లు నీడలో చేరారు. బీహార్ నుంచీ, తూర్పు యూపీ నుంచీ వచ్చినవాళ్లు. పని చేసిన పూటకే వాళ్లకి కూలి. కాస్త పెద్దవాడొకడు లేచి వచ్చాడు.

“చాచా, మేం ఉత్త చేతులతో ఎన్నో చేశాం. మాకేం కాదు. ఎక్కనివ్వు.”

“కాదు.”

“మా పూట పోతుంది. నీ జేబులోంచి ఇస్తావా?”

“కూర్చో. వస్తాయి.”

“నీకేమయ్యా, కింద కూర్చుని చెబుతావు. ఆకలి మాది.”

వాళ్లు తమలో తాము అతన్ని తిట్టుకోవడం వినిపిస్తూనే ఉంది. మద్రాసీ ముసలాడు, పొట్ట కొట్టేవాడు అన్నారు. వాళ్ల చేతులవైపు చూశాడు. ఒకడికి మణికట్టు దాకా పాత రవ్వల మచ్చలు, ఇంకొకడికి వేళ్ల మీద మానని పుళ్లు. వాళ్లన్నదాంట్లో అబద్ధమేమీ లేదు, పూట నిజంగానే పోతుంది. అతను లేచి నిచ్చెన మొదట్లో, ఎవరూ ఎక్కకుండా, మెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాడు. గ్లౌజులు మధ్యాహ్నం దాటాక వచ్చాయి. సగంమంది అప్పటికే వేరే సైటుకి వెళ్లిపోయారు.